గిటారుకు మైకు పెట్టిన పాపం

ఏ ఇంట్లోనైనా మా ఆవిడ గిటారు చేతిలోకి తీసుకుంటే ఆ ఇంటివాళ్ళు లేచి ఫ్యాను ఆపేవాళ్ళు. ఆపమని ఎవరూ చెప్పేవారు కాదు. మదనపల్లెలో మిషన్ ఆసుపత్రి చుట్టుపక్కల కాపురముండే మావాళ్ళలో అదొక అలవాటుగా స్థిరపడిపోయింది. వారానికొక సాయంత్రం ఎవరో ఒకరింట్లో ప్రార్థన కూడిక ఉండేది. చెప్పులు వాకిట్లో విడిచి, చాపల మీద సర్దుకుని కూర్చునేవాళ్ళం. ఆమె గోడకు ఆనుకుని గిటారు ఒళ్ళో పెట్టుకోగానే ఇంటావిడ స్విచ్ దగ్గరకు వెళ్ళేది. రెక్కలు నెమ్మదిగా తిరిగి తిరిగి ఆగేవి. వంటింట్లో కుక్కరు దించేవారు. వాకిట్లో గోల చేసే పిల్లల్ని ఎవరో కసిరేవారు. అప్పుడు గాని గిటారు వినిపించేది కాదు. మండు వేసవిలో కూడా అంతే. పైటకొంగులతో, జేబురుమాళ్ళతో చెమట తుడుచుకుంటూ వినేవాళ్ళే తప్ప ఫ్యాను వేయమన్న మనిషి లేడు.

నేను ఆమెను మొదటిసారి చూసింది అలాంటి కూడికలోనే. తొంభైల మొదట్లో మాట. ఆమె స్టాఫ్ నర్సు, నేను హైస్కూల్లో సైన్సు చెప్పే మాస్టారిని. ఒక స్నేహితుడు లాక్కెళితే వెళ్ళాను. ఆలస్యంగా పోవడంతో వెనక చోటు లేక, ముందుకు తోసుకుని ఆమెకు మూరెడు దూరంలో కూర్చోవలసి వచ్చింది. అంత దగ్గర కాబట్టి తీగల మీద వేలు జరిగేటప్పుడు వచ్చే చిన్న శబ్దం కూడా నాకు వినబడింది. ఒక చరణం అయ్యాక ఆమె ఊపిరి తీసుకోవడం వినబడింది. వచ్చే వారం కూడిక ఎవరింట్లోనో ఈసారి నేనే ఆరా తీశాను. ఏడాది తిరక్కుండా మా పెళ్ళయింది.

ఆ గిటారు ఆమెకు ఒక దొరసానమ్మ ఇచ్చిపోయింది. ఆమె నర్సింగ్ చదువుకునే రోజుల్లో ఆసుపత్రిలో పనిచేసిన విదేశీ నర్సు ఆవిడ. సాయంత్రాలు వరండాలో కూర్చోబెట్టి వాయించడం నేర్పింది. సొంత దేశానికి వెళ్ళిపోతూ గిటారును ఈమె చేతుల్లో పెట్టింది. మెడ వెడల్పుగా ఉండే పాతకాలపు వాద్యం. ఆరు తీగల్లో కింది మూడూ అచ్చంగా నైలాన్, గాలం దారంలాగా తెల్లగా ఉండేవి. పై మూడింటికీ సన్నని రాగి చుట్టు ఉండేది. దాన్ని గోళ్ళతో మీటాలట. నర్సులకు గోళ్ళు పెంచుకునే వీల్లేదు కాబట్టి మా ఆవిడ వేళ్ళ కొసలతోనే మీటేది. అందువల్ల అసలే మెత్తగా పలికే గిటారు ఇంకా మెత్తగా పలికేది.

ఇంట్లో సరే, ఆదివారం చర్చిలో దాని గతి చెప్పనక్కర్లేదు. ఒకవైపు హార్మోనియం, ఇంకోవైపు డోలక్, మధ్యలో మా సంఘస్థుల గొంతులు. అందరూ ఎత్తుకున్నాక ఆమె వేళ్ళు ఆడుతున్నట్టు కనిపించేది, అంతే. ఆమెకు అదేమీ పట్టేది కాదు. నాకు మాత్రం ఒళ్ళు మండిపోయేది. ఇంత బాగా వాయించే మనిషి నా భార్య అయివుండి, రెండో వరుస దాకా కూడా వినిపించకపోవడమా? నాకు చిన్నప్పటి నుంచీ ఒక జబ్బుంది. నా దగ్గర మంచి వస్తువుంటే అది నలుగురికీ కనబడేదాకా నాకు నిద్ర పట్టదు.

పుంగనూరులో ఏటా పెద్ద సభలు జరిగేవి. షామియానా వేసి, వేపచెట్లకూ కరెంటు స్తంభాలకూ లౌడ్‌స్పీకర్లు కట్టేవాళ్ళు. పెద్దపంజాణి వైపు పల్లెల నుంచి జనం ట్రాక్టర్లలో వచ్చేవాళ్ళు. సభలు ఎలా జరిగాయని అడిగితే ప్రసంగం ఎలా ఉందో ఎవరూ చెప్పేవారు కాదు. మైకు ఎంత దూరం వినబడిందో చెప్పేవాళ్ళు. "బస్టాండు కాడికి బాగా వినబడిందప్పా" అంటే సభలు దివ్యంగా జరిగాయని అర్థం. ఆ సంవత్సరం అక్కడి పాస్టరుగారు మా ఆవిడను ఒక ప్రత్యేక గీతం పాడమని అడిగారు. నేను ఎగిరి గంతేశాను. ఆమె మాత్రం ఆలోచనలో పడింది.

"అంత పెద్ద పందిట్లో ఇది యాడ వినబడతాదండీ? మామూలుగా పాడేసి వస్తాను" అంది.

"మైకు పెడితే ఎందుకు వినబడదు?" అన్నాను.

"యాల అంత దూరం వినబడాల? వినాలనుకునేవాళ్ళు దగ్గరికొచ్చి కూసుంటారు లెండి."

ఆ మాటను నేను చెవిన పెట్టలేదు. పుంగనూరు వెళ్ళి మైకు సెట్టు యజమానితో ముందే మాట్లాడాను. మనిషి ఉత్సాహవంతుడు. ఒక మధ్యాహ్నం అతని అంగడిలోనే ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, గిటారు ముందు మైకు నిలబెట్టి చూశాం. దగ్గర పెడితే కూ అని కూత, చెవులు గింగుర్లెత్తేవి. దూరం జరిపితే ఏమీ లేదు. రెంటికీ మధ్య ఎక్కడో ఒక చోట కాస్త పలికింది గాని, ఆమె ఇటు అటు కదలకూడదు. ఫోటోకు కూర్చున్నట్టు బిర్ర బిగుసుకుని వాయించాలి. ఆమె పాపం అలాగే వాయించింది. అయినా వాల్యూము పెంచగానే మళ్ళీ కూత.

"సార్, దాని కడుపంతా డొల్ల గదా. స్పీకరు అరుపు దాంట్లో దూరి తిరిగి మైకులో పడతాండాది" అన్నాడు అతను. "గిటారుకు బిగించే మ్యాగ్నెట్టు ఒగటి వస్తాది. బెంగుళూరులో దొరుకుతాది. అది పెడితే కూత ఉండదు."

మరుసటి ఆదివారం చర్చి ఎగ్గొట్టి బెంగుళూరు బస్సెక్కాను. గిటారు గుండ్రటి రంధ్రానికి అడ్డంగా బిగించే పట్టీ ఒకటి తెచ్చాను. దాని నుంచి ఒక వైరు నేరుగా ఆంప్లిఫయరులోకి పోతుంది. మళ్ళీ పుంగనూరు, మళ్ళీ అదే స్టూలు. బిగించాం, వైరు పెట్టాం. ఆమె మీటింది. స్పీకర్లో ఉలుకూ లేదు పలుకూ లేదు. అతను వాల్యూము చివరిదాకా తిప్పాడు. గుయ్యిమని కరెంటు రొద తప్ప ఏమీ రాలేదు. వస్తువు చెడిపోయిందని అతను అన్నాడు.

అక్కడ నాలోని సైన్సు మాస్టారు లేచి నిలబడ్డాడు. అయస్కాంతం పక్కన ఇనుము కదిలితే కదా తీగచుట్టలో కరెంటు పుట్టేది! నైలాన్ కదిలితే అయస్కాంతానికేం తెలుస్తుంది? పైన చుట్టిన రాగిది కూడా అదే కథ. పదో తరగతికి నేను ఏటా చెప్పే పాఠమే. అంగడిలో నిలబడి ఇద్దరికీ చేతులు తిప్పుతూ వివరించాను. అతను "అబ్బా!" అన్నాడు. ఆమె కూడా నా వైపు మెచ్చుకోలుగా చూసిందనే అనుకున్నాను. "ఇనుప తీగలు వేస్తే సరిపోతుంది" అని తీర్పు చెప్పాను. అతను వెంటనే సరేనన్నాడు. ఆ రోజు అంగడిలో ఉన్న ముగ్గురిలో ఒక్కరికే అనుమానం వచ్చింది.

"తీగలు మారిస్తే దీని గొంతు మారిపోదా?" అని ఆమె అడిగింది.

"గిటారు గిటారే. తీగ ఏదైతేనేం?" అన్నాను.

ఆమె కాసేపు గిటారు పక్కలను అరచేత్తో నిమిరింది. తరువాత నాకు అందించింది. "సరే తియ్యండి. మీరు సైన్సు సారు. మీకు తెలీకుండా ఉంటాదా?" అంది.

ఎగతాళికి అనలేదు. నిజంగా నమ్మి అంది. ఆమె ఎగతాళికి అనివుంటే ఇన్నేళ్ళ తరువాత నాకు ఇంత బాధ ఉండేది కాదు.

సభ నాడు గిటారు పలికింది. పలకడమంటే అలా ఇలా కాదు, ఖంగుమని పలికింది. మొదటి తీగ మీటగానే వేపచెట్ల మీది లౌడ్‌స్పీకర్లన్నీ ఒక్కసారిగా అందుకున్నాయి. జనం తలలు తిప్పి చూశారు. మైకు సెట్టాయన నా వైపు చూసి బొటనవేలు ఎత్తాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. అప్పుడు నేను చేసిన పని ఏమిటంటే, కూర్చుని వినడం మానేసి, పందిరి దాటి రోడ్డెక్కాను. ఎంత దూరం వినబడుతుందో చూడాలి కదా! అంగళ్ళ ముందు నుంచి ఒక్కొక్క మలుపు దగ్గరా ఆగి వింటూ బస్టాండుకు పోయాను. అక్కడ టీ కొట్టు దగ్గర నిలబడితే బస్సుల హారన్ల మధ్య కూడా టంగు టంగుమని వినబడుతోంది.

"ఎవురప్పా అది, రేడియోనా?" అని టీ కొట్టు ఆయన అడిగాడు.

"మా ఆడమనిషి" అన్నాను. నా జన్మలో అంత గర్వంగా ఇంకో మాట అనలేదు.

నేను తిరిగి వచ్చేసరికి పాట అయిపోయింది. ఆమె పందిరి వెనక బెంచీ మీద ఒక్కతే కూర్చుని ఉంది. "ఎట్లుండింది?" అని అడిగింది.

"బస్టాండు దాకా వినబడింది!" అన్నాను.

ఆమె ఇంకేమైనా చెబుతానేమోనని కాసేపు నా మొహం చూసింది. తరువాత కుడిచేయి తిప్పి చూపించింది. వేళ్ళ కొసలు కందిపోయి ఉన్నాయి. ఒక వేలికి సన్నగా నెత్తురు ఊరుతోంది. "కొత్త కదా, అలవాటవుతుందిలే" అన్నాను నేను.

అలవాటు కాలేదు. ఆమెది రోజంతా స్పిరిట్‌లో చేతులు పెట్టే ఉద్యోగం. తెగిన వేళ్ళకు స్పిరిట్ తగిలితే ఎలా ఉంటుందో నాకు తెలియదా? డ్యూటీ నుంచి వచ్చి కుళాయి కింద చేతులు పెట్టుకుని నిలబడేది. నేను చూసి కూడా పేపరు చదువుకునేవాణ్ణి. అప్పటికే పిలుపులు రావడం మొదలైంది. బి.కొత్తకోటలో ఒక పెళ్ళి, పుంగనూరులో మళ్ళీ యువజన సభ. అన్నింటికీ నేనే ఒప్పుకునేవాణ్ణి. వైరు చుట్ట భుజాన వేసుకుని ముందు నేను, గిటారుతో వెనక ఆమె. ఇళ్ళల్లో కూడికలకు కూడా చిన్న ఆంప్లిఫయరు ఒకటి కొని మోసుకెళ్ళాను. నాలుగు చాపలు పట్టే గదిలో స్పీకరు ఎందుకని ఒక్కరూ అడగలేదు. ఒక ఇంట్లో ఆమె వాయించడం మొదలుపెట్టాక కూడా ఫ్యాను తిరుగుతూనే ఉంది. వంటింట్లో కుక్కరు విజిలేసింది. వెనక ఇద్దరు ఆడవాళ్ళు చీటీపాట సంగతి మాట్లాడుకున్నారు. గిటారు అన్నింటినీ మించి వినబడుతూనే ఉంది కాబట్టి ఎవరికీ ఏదీ ఆపవలసిన పని లేకపోయింది. ఆమె వాయిస్తూ వాయిస్తూ ఒకసారి ఫ్యాను వైపు తలెత్తి చూసింది. ఆ చూపు నాకు అప్పుడు అర్థం కాలేదు.

కొన్ని నెలలకు గిటారు మొరాయించడం మొదలుపెట్టింది. "తీగలు పైకి లేస్తాండాయండీ. నొక్కితే వేళ్ళు నొస్తాండాయి" అంది. చూస్తే నిజమే. తీగలు కట్టిన చెక్కబద్ద వెనకాల పలక కాస్త ఉబ్బినట్టుంది. తీగలు ఆనే ఎముక ముక్కను తీసి ఆకురాయితో అరగదీసి మళ్ళీ పెట్టాను. తీగలు కిందికి దిగాయి. పని అయిపోయిందని చేతులు దులుపుకున్నాను. అదే వారం బడిలో నల్లబల్ల మీద తీగ బొమ్మ గీసి, తన్యత పెరిగితే ఏమవుతుందో పిల్లలకు చెప్పాను. నైలాన్ తీగకు తయారైన పలుచని చెక్క ఇనుప తీగల లాగుడును ఎన్నాళ్ళు మోస్తుంది? ఆ బొమ్మ చూసి కూడా ఇంట్లో ఉబ్బిన చెక్క నాకు గుర్తుకు రాలేదు. నా సైన్సు అయస్కాంతం దగ్గర మొదలై అయస్కాంతం దగ్గరే ఆగిపోయింది.

ఆ వేసవిలో కుప్పం నుంచి పిలుపు వచ్చింది. మా ఆవిడ అక్కగారిది అదే ఊరు. పలమనేరు మీదుగా బస్సులో వెళ్ళాం. దుప్పట్లో చుట్టిన గిటారును ఆమె దారి పొడుగునా ఒళ్ళోనే పెట్టుకుంది. అక్కడ కూడా పెద్ద పందిరే, అవే లౌడ్‌స్పీకర్లు. అక్కగారు ముందు వరుసలో కూర్చున్నారు. నేను ఎప్పటిలాగే ఎంత దూరం వినబడుతుందో చూద్దామని పందిరి చివరకు నడిచాను.

రెండో చరణంలో ఉండగా ఆ చెక్కబద్ద ఊడి వచ్చేసింది. మామూలుగా అయితే ఠప్పుమని ఒక శబ్దం వచ్చేదేమో. వైరు తగిలించి ఉంది కాబట్టి పిడుగు పడ్డట్టు ఊరంతా వినబడింది. చంటిపిల్లలు గుక్కపట్టి ఏడ్చారు. ఆంప్లిఫయరు పేలిందనుకుని మైకువాళ్ళు పరుగున వెళ్ళి కరెంటు ఆపేశారు. ఎవరో నవ్వారు. తీగల కొసన వేలాడుతున్న చెక్కముక్క ఆమె మణికట్టు మీద గీరుకుపోయింది. ఆమె గిటారును చంటిబిడ్డను ఎత్తుకున్నట్టు రెండు చేతులతో పట్టుకుని ఒక్క క్షణం నిలబడింది. తరువాత దాన్ని పక్కన కుర్చీలో పడుకోబెట్టి, మిగతా పాటను ఉత్త గొంతుతో పాడి ముగించింది. ఆమె ధైర్యాన్ని అందరూ మెచ్చుకున్నారు. నాకు తల కొట్టేసినట్టయింది.

తిరుగు ప్రయాణంలో ఆమె తిడుతుందని ఎదురు చూశాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. వి.కోట దాటాక నేనే ఉండబట్టలేక "బాగు చేయిస్తాలే" అన్నాను. "ఊ" అంది. మణికట్టుకు చుట్టుకున్న జేబురుమాలు నాదే.

బాగు చేయించాను. మదనపల్లెలో ఒక వడ్రంగి దాన్ని గట్టిగా అతికించి, మళ్ళీ ఊడకుండా రెండు బోల్టులు కూడా బిగించాడు. నైలాన్ తీగలే మళ్ళీ వేయించాను. నేను అడిగినదంతా అతను చేశాడు గాని, ఆ పాత గొంతు మాత్రం తిరిగి రాలేదు. దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టు పలికేది. ఆమె ఒకటి రెండు సార్లు మీటి చూసి మేకుకు తగిలించింది. వారం వారం దుమ్ము మాత్రం తుడిచేది.

కొన్నేళ్ళు గడిచాయి. రెండువేల సంవత్సరం దాటాక, నైలాన్ తీగల గిటారుకే సరిపోయే ఏర్పాట్లు వచ్చాయని తెలిసింది. ఎముక ముక్క కింద ఒక సన్నని పట్టీ పెడతారు. దానికి అయస్కాంతంతో పని లేదు, చెక్క అదురును పట్టుకుంటుంది. పక్కన చిన్న పెట్టె, అందులో బ్యాటరీ. నైలాన్ నైలాన్‌లాగే పలుకుతుంది. అలాంటి కొత్త గిటారు తెచ్చి ఆమె పుట్టినరోజుకు ఇచ్చాను. నా లోపలి బరువు దిగుతుందని ఆశపడ్డానని దాచకుండా చెబుతున్నాను. ఆమె వాయించి చూసి "బాగుండాదండీ" అంది. ఆదివారాలు చర్చిలో వాయించేది. కూత లేదు, వేళ్ళు తెగేది లేదు, చివరి వరుస దాకా చక్కగా వినబడేది. నేను కోరుకున్నదంతా జరిగింది. కానీ ఇళ్ళల్లో కూడికలకు మాత్రం ఆమె ఒట్టి చేతులతో వచ్చేది. గిటారేదమ్మా అని ఎవరైనా అడిగితే, డ్యూటీ నుంచి నేరుగా వస్తాండాను అనేది. సెలవు రోజున కూడా అదే మాట.

ఆమధ్య కుప్పంలో అక్కగారికి ఆపరేషను అయింది. ఇంటికి తెచ్చాక చూడటానికి బయలుదేరుతుంటే మా ఆవిడ కొత్త గిటారును ముట్టుకోలేదు. మేకు మీది పాతదాన్ని దించి, దుప్పట్లో చుట్టింది.

"అక్క అడిగిందండీ. ఆ పాతదే తెమ్మనింది" అంది.

అక్కగారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. బాగా చిక్కిపోయారు. మా ఆవిడ మంచం అంచున, అక్క భుజానికి ఆనుకునేంత దగ్గరగా కూర్చుని, బోల్టుల గిటారును ఒళ్ళోకి తీసుకుంది. పైన ఫ్యాను గడగడమని పెద్ద చప్పుడుతో తిరుగుతోంది. నేను గడప దగ్గర నిలబడి ఉన్నాను. స్విచ్ నా పక్క గోడకే ఉంది. ఎన్నో ఏళ్ళ తరువాత ఒక ఇంట్లో ఆమె గిటారు పట్టుకుంది. నా చేయి స్విచ్ మీదికి పోయింది. ఫ్యాను ఆపేశాను.

ఆమె వెనక్కి తిరగకుండానే, "ఉండనీండి. అక్కకు ఉడుకుగా ఉండాది" అంది.

మళ్ళీ వేశాను. ఆమె వాయించడం మొదలుపెట్టింది. వేళ్ళు కదలడం కనిపిస్తోంది. ఫ్యాను చప్పుడు తప్ప నాకేమీ వినబడలేదు.

"వినబడతాందా అక్కా?" అని ఆమె అడిగింది.

"వినబడతాందమ్మా. బాగా వినబడతాంది" అన్నారు అక్కగారు కళ్ళు మూసుకుని.

మంచం పక్కన ఖాళీ స్టూలు ఒకటి ఉంది. నాలుగడుగులు వేస్తే చాలు. వినాలనుకునేవాళ్ళు దగ్గరికొచ్చి కూసుంటారని ఆమె నాకు ఎప్పుడో చెప్పింది. ఆమె పాట వినడానికని నేను బస్టాండు దాకా నడిచినవాణ్ణి. ఆ నాలుగడుగులకు మాత్రం కాళ్ళు రాలేదు.

గడప దగ్గరే నిలబడ్డాను. ఆమె ఆ రోజు ఏ పాట వాయించిందో నాకు తెలియదు. ఇంతవరకూ అడగలేదు.